వింతలు విశేషాలు: మేకతోలు మీద కార్టూన్లు

2008 మే నెలలో న్యూయార్క్ సదబీస్ వేలంపాటలో ఒక ఫైబర్‌గ్లాస్ బొమ్మ కోటిన్నర డాలర్లు దాటి పలికింది. వేలం సంస్థ ముందుగా వేసుకున్న అంచనా నలభై లక్షలు మించలేదు. బొమ్మ ఎత్తు ఎనిమిది అడుగుల పైచిలుకు. పసుపుపచ్చ జుట్టు, ముఖంలో సగం కళ్ళే. అచ్చం జపాన్ పిల్లల కార్టూన్లలోంచి ఊడిపడ్డ కుర్రాడు. ఒంటి మీద నూలుపోగు లేదు. వాడు చేస్తున్న పని ఇంటిల్లిపాదీ చదివే పత్రికలో రాయదగ్గది కాదు కాబట్టి ఇక్కడితో వదిలేద్దాం.

ఆ బొమ్మను చేసిన తకాషి మురకామి 1962లో టోక్యోలో పుట్టాడు. ఆయన చదువు మాత్రం కార్టూన్లది కాదు. నిహొంగా అనే సంప్రదాయ జపాన్ చిత్రకళలో డాక్టరేట్ దాకా వెళ్ళాడు. 2000లో ‘సూపర్‌ఫ్లాట్’ పేరుతో ఒక ప్రదర్శన పెట్టి, పాత పటచిత్రాలకూ నేటి కార్టూన్లకూ పోలిక చూపించాడు. రెండింటిలోనూ లోతు ఉండదు, నీడలు ఉండవు, గట్టి గీత ఒకటి చుట్టూ తిరిగి బొమ్మను పట్టుకుంటుంది. అలాంటప్పుడు ఒకటి మ్యూజియానికి, ఇంకోటి చిల్లర కొట్టుకు ఎందుకని ఆయన వాదన. అన్నట్టే నవ్వే పువ్వుల బొమ్మల్ని కాన్వాసు మీదా వేశాడు, 2003లో లూయీ విట్టన్ చేతిసంచుల మీద రంగురంగుల అచ్చులూ వేశాడు. 2010లో ఆయన బొమ్మలు ఫ్రాన్స్ రాజుల వెర్సాయ్ కోటలోకి వెళ్ళాయి. కోటకు అపచారం జరిగిందని అక్కడివాళ్ళు కొందరు గొడవ కూడా చేశారు.

గొప్ప బొమ్మనూ గేలి బొమ్మనూ ఒకే తెర మీదికి తేవడం ప్రపంచానికి కొత్తేమో గాని అనంతపురం వాళ్ళకు కాదు. సాక్ష్యాలు రెండున్నాయి, ఒకటి రాతి కప్పు మీద, రెండోది మేకతోలు మీద. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టాక రెండూ శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్ళాయి. పీఠభూమి అదే, కరువూ అదే.

మెడ నొప్పి పుట్టించే వీరభద్రుడు

హిందూపురానికి పదిహేను కిలోమీటర్ల దూరంలో లేపాక్షి. విజయనగరాన్ని అచ్యుతదేవరాయలు ఏలిన కాలంలో (1529–42) విరూపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు ఇక్కడి వీరభద్రస్వామి గుడి కట్టించారు. అర్ధమండపం కప్పు మీద వీరభద్రుడి బొమ్మ ఉంది. 24 అడుగుల పొడవు, 14 అడుగుల వెడల్పు అని వాడుకలో ఉన్న లెక్క. ఆసియా ఖండంలోనే పెద్దదని గైడ్లు ఘంటాపథంగా చెబుతారు. ఖండాల పోటీ మాట ఎలా ఉన్నా, మెడ పట్టేసేదాకా తల ఎత్తి చూడాల్సిన బొమ్మ అనడంలో పేచీ లేదు. స్వామి పాదాల దగ్గర తలకు పొడుగాటి కుళ్ళాయిలు పెట్టుకుని, చేతులు జోడించి, గుడి కట్టించిన అన్నదమ్ములు పరివారంతో నిలబడి ఉంటారు. డబ్బు పెట్టినవాళ్ళు ఫొటోలో పడాలన్న సరదా ఈనాటిది కాదు.

ఇక్కడి గీత చూడండి. మనుషుల ముఖాలు పక్కకు తిరిగి ఉంటాయి. ముక్కు మొనదేలి ఉంటుంది, కన్ను పొడుగ్గా సాగి ఉంటుంది. శరీరాలకు గుండ్రదనం తెచ్చే నీడలు లేవు. ముందున్నవాడు పెద్దగా, వెనకున్నవాడు చిన్నగా కనబడాలన్న నియమమూ లేదు. దేవుడు పెద్ద, భక్తుడు చిన్న, అంతే. రంగులు ఈ నేల రంగులే: కావి ఎరుపు, గోధుమ, పసుపు, ఆకుపచ్చ, సున్నపు తెలుపు, మసి నలుపు. వాటన్నిటినీ విడదీసి నిలబెట్టేది నల్లని గీత. చిత్రకారుడి ఓపికంతా బట్టల మీద పోసినట్టుంటుంది. గళ్ళ పంచెలు, చారల చీరలు, హంసల అంచులు, ఏ ఇద్దరి ఒంటి మీదా ఒకే నేత కనబడదు.

కథ చెప్పే తీరు ఇంకా ముచ్చటగా ఉంటుంది. కప్పు మీద పొడుగాటి పట్టీలు పట్టీలుగా గీసుకుని ఒక్కో పట్టీలో ఒక్కో కథ నడిపారు. కిరాతార్జునీయం, ద్రౌపదీ స్వయంవరం, పార్వతీ కల్యాణం, దూడ ప్రాణానికి తన కొడుకు ప్రాణం చెల్లు వేసిన చోళరాజు కథ. తపస్సు చేసుకునే అర్జునుడు కాస్త ముందుకు నడిస్తే విల్లు ఎక్కుపెట్టి ఉంటాడు, ఇంకాస్త నడిస్తే శివుడితో కలబడుతుంటాడు. పేజీ తిప్పే పని మన కాళ్ళు చేస్తాయి. ఇంత కన్నా కామిక్స్ పుస్తకం ఏముంటుంది?

జపాన్ వాళ్ళకు ఇలాంటి ముత్తాతలు ఉన్నారు. క్యోటోలోని కొజాన్‌జీ గుడికి చెందిన 12–13 శతాబ్దాల కాగితపు చుట్టల్లో కప్పలు, కుందేళ్ళు మనుషుల్లా కుస్తీలు పడతాయి, పూజలు చేస్తాయి. వాళ్ళ కార్టూన్ కళకు మూలపురుషులు ఆ కప్పలే అని చెప్పుకుంటారు. పెద్ద అలను గీసి లోకమంతా పేరు తెచ్చుకున్న హొకుసాయి వేసిన సరదా బొమ్మల పుస్తకాలు 1814లో మొదలై 1878లో పదిహేనో భాగంతో ముగిశాయి. ఆయన 1849లోనే పోయినా భాగాలు వస్తూనే ఉన్నాయి. ఇప్పటికీ ఆ దేశంలో ప్రతి కార్టూనిస్టు వంశవృక్షమూ వీళ్ళ దగ్గరికే పోతుంది. మన కార్టూనిస్టులెవరూ లేపాక్షి పేరు చెప్పగా వినలేదు. అది కప్పుది తప్పు కాదు.

కొలతల పోటీ పెడితే మాత్రం లేపాక్షి ఓడిపోతుంది. 2011 భూకంపం, సునామీ తర్వాత మురకామి ‘500 అర్హతులు’ (జ్ఞానం పొందిన బౌద్ధ సాధువులు) అనే చిత్రం వేశాడు. మూడు మీటర్ల ఎత్తు, వంద మీటర్ల పొడవు. మొదట 2012లో కతార్ రాజధాని దోహాలో చూపించారు. సహాయకులు వందల మంది. ఇంతా చేసి అందులోని ముసలి అర్హతుల ముఖాలు పిల్లల కార్టూన్ రాక్షసుల్లాగే ఉంటాయి.

ఒక ఆవు, మూడు తలలు

లేపాక్షిలోనే ఒక చెక్కడంలో ఆవుకు ఒళ్ళు ఒకటే, తలలు మూడు. ఏ రెండు తలలను చేత్తో మూసినా మిగిలినది సరిగ్గా అతుకుతుంది. అప్పుడు ఆవు ఒకసారి మేత మేస్తుంది, ఒకసారి తల ఎత్తి చూస్తుంది. కదలికను ఒక్క రాతిలో ఇరికించిన ఉపాయం ఇది. కార్టూన్ సినిమాలు తీసేవాళ్ళు ఇదే పనికి వేల బొమ్మలు గీస్తారు. నాట్యమండపంలో మూడు కాళ్ళతో ఆడే భృంగి కూడా ఉన్నాడు. పార్వతిని కాదని శివుడికి మాత్రమే ప్రదక్షిణ చేసినందుకు ఆమె అతన్ని నిలబడలేనంత నీరసపరచిందనీ, జాలిపడి శివుడు మూడో కాలు ఇచ్చాడనీ కథ. శిల్పి ఆ మూడో కాలికి కూడా తాళం తప్పనివ్వలేదు.

వేలాడే స్తంభం గురించి అందరూ రాసేశారు. దాని కింద నుంచి తువాలు లాగి చూసి సంతోషించి వచ్చేయవచ్చు.

మనిషంత బొమ్మ

ధర్మవరం మండలంలో నిమ్మలకుంట ఉంది. తోలుబొమ్మలకు ఊరి పేరే చిరునామా. ఇక్కడి ఆటగాళ్ళ కుటుంబాలు ఆరె మరాఠీలు. ఇంట్లో మరాఠీ, తెర వెనక తెలుగు. ఈ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ ప్రకటించారు. ఆట మాత్రం అవార్డుల కన్నా ఏడెనిమిది వందల ఏళ్ళు పెద్దది. పాల్కురికి సోమనాథుడి పండితారాధ్య చరిత్రలోనే తోలుబొమ్మల ప్రస్తావన ఉంది.

దేశంలోని నీడబొమ్మల్లో పెద్దవి ఆంధ్రావి. నాలుగు నుంచి ఆరడుగుల ఎత్తు, అంటే ఆడించేవాడితో సమానం, ఒక్కోసారి అతని కన్నా ఎక్కువ. ఒడిశా రావణఛాయలో బొమ్మలకు అతుకులు లేవు, రంగులు లేవు, తెర మీద పడేది నల్లని నీడే. మనవాటికి భుజం, మోచెయ్యి, నడుము, మోకాలు అన్నీ కదులుతాయి. నాట్యగత్తె బొమ్మకైతే మెడ కూడా ఆడుతుంది. అన్నిటికంటే ఎక్కువ అతుకులు ఆమెవే. రంగు రెండు వైపులా వేస్తారు. దీపం వెలుగు ఆ రంగుల్లోంచి తెర మీదికి దిగుతుంది కనుక జనం చూసేది నీడ కాదు, వెలిగే బొమ్మ.

తయారీ చెప్పుకోవాలి. మేకతోలును నీళ్ళలో నానబెట్టి, వెంట్రుకలు, లోపలి కండ గీకేస్తారు. చుట్టూ మేకులు కొట్టి బిగించి ఎండలో ఆరబెడతారు. ఎండకు ఈ జిల్లాలో కరువు లేదు, అదొక్కటే కలిసివచ్చింది. ఆరిన తోలు వెలుతురుకు అడ్డం పట్టుకుంటే అవతల చెయ్యి లీలగా కనబడాలి. అప్పుడు నల్లని గీతతో బొమ్మ గీసి, తల వేరు, మొండెం వేరు, చేతులు వేరుగా కత్తిరిస్తారు. తర్వాతది కూర్చుని చేసే పని. చిన్న చిన్న ఉలులు పెట్టుకుని, చెక్క మీద తోలు పరిచి, ఒక్కో దెబ్బకు ఒక్కో చిల్లు. గుండ్రనిది ముత్యం, నెలవంక లాంటిది హారంలో పూస, పూరేకు లాంటిది కిరీటపు అంచు. నగ అనేది ఇక్కడ రంగుతో వేసేది కాదు, తీసేసిన తోలు. దీపం పెట్టగానే ఆ చిల్లుల్లోంచి వచ్చే తెల్లని వెలుగే రాముడి ఒంటి మీద బంగారం. చివరికి దారంతో అతుకులు కట్టి, నడిమధ్యన చీల్చిన వెదురు బద్దలో బొమ్మను ఇరికిస్తారు. చేతులకు వేరే పుల్లలు.

రావణుడిది మరీ పెద్ద సంసారం. పది తలలూ ఒకదాని పక్కన ఒకటి పరవాలి, ఇరవై చేతులు విప్పాలి. ఒక మేక చాలదు. లేపాక్షి కప్పు మీది పద్ధతే ఇక్కడా: లోతు లేనిచోట దేన్నీ వెనక దాచలేం, ఉన్నదంతా పక్కపక్కనే పరిచి చూపించాలి. హనుమంతుడికి ఒక బొమ్మ సరిపోదు. అశోకవనంలో ఆకుల చాటున కూర్చోడానికి చిన్నది, సముద్రం దాటి లంక కాల్చడానికి పెద్దది. ఒకే పాత్రకు సందర్భాన్ని బట్టి వేరు వేరు బొమ్మలు మార్చడం తర్వాత కార్టూన్ సినిమాల వాళ్ళ బతుకైంది. పూర్తి నిడివి కార్టూన్ సినిమాల్లో ఈనాటికి మిగిలి ఉన్న అతి పాతది 1926లో జర్మనీలో లోట్టె రైనిగర్ తీసినది. అదీ కత్తిరించిన నీడబొమ్మలతోనే.

కేతిగాడి ప్రవేశం

అర్ధరాత్రి దాటుతుంది. పంచెలు కుట్టి కట్టిన తెర. ఒకప్పుడు ఆముదపు దీపాలు, తర్వాత పెట్రోమాక్సు, ఇప్పుడు కరెంటు బల్బు. సీతాపహరణం జరిగిపోయింది, రాముడు చెట్టునూ పుట్టనూ అడుగుతున్నాడు, ముందు వరసలో పిల్లలు ఒకరి మీద ఒకరు ఒరిగి నిద్రపోతున్నారు. సరిగ్గా అప్పుడు తెర కింది మూల నుంచి ఒకడు దూకుతాడు. పొట్టి ఒళ్ళు, బాన పొట్ట, ముందుకు పొడుచుకొచ్చిన ముక్కు. కిరీటం లేదు, చిల్లుల నగలు లేవు. తెర వెనక కాళ్ళ కింద చెక్కలు టపటపలాడతాయి. కేతిగాడు వచ్చాడు.

వెంట బంగారక్క, ఆమె మొగుడు జుట్టుపోలిగాడు. జుట్టుపోలిగాడికి పెళ్ళాం మీద అనుమానం, కేతిగాడికి ఆమె మీద కన్ను, బంగారక్కకు ఇద్దరి మీదా నోరు. గాంధోళిగాడు, అల్లాటప్పగాడు అనే ఇంకో ఇద్దరు కూడా అవసరాన్ని బట్టి తగలబడతారు. తిట్లు, తన్నులు, బూతు, ఊళ్ళో పెద్దమనుషుల మీద చురకలు, మొన్నటి ఎన్నికల మీద ఎకసెక్కాలు. వీళ్ళెవరూ వాల్మీకికి తెలియదు. కాని వీళ్ళు లేని రామాయణం ఈ పల్లెల్లో ఎవరూ ఆడరు, ఆడినా ఎవరూ కూర్చోరు. మళ్ళీ తాళం మారి రాముడు తెర మీదికి వస్తాడు. అదే తెర, అదే దీపం, అదే మేకతోలు. మధ్యలో విరామం లేదు, క్షమాపణ లేదు.

మురకామి చేసిన కుర్రాడి మీద నలుగురూ ముక్కున వేలేసుకున్నారు, కళలోకి బూతు తెచ్చాడని. జుట్టుపోలిగాడి మాటలు ఒకటి రెండు వినిపిస్తే ఆ విమర్శకులు ఏమనేవారో. అయితే ఒక తేడా ఉంది, అది చిన్నదేం కాదు. మురకామి కార్టూన్‌ను తీసుకెళ్ళి గొప్ప కళ గదిలో పెట్టాడు. కార్టూన్‌కు విలువ వచ్చింది గాని, చూసేవాడు మౌనంగా చేతులు కట్టుకునే చూడాలి. కేతిగాడు రాముణ్ణి జనం మధ్యకు లాక్కొచ్చాడు. నా ఓటు కేతిగాడికే.

వాన కోసం విరాటపర్వం

దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాల్లో జైసల్మేర్ తర్వాత అనంతపురమే అని పిల్లల పాఠాల్లో చదువుకున్నాం. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. టోక్యోలో 1,500 దాటుతుంది. విరాటపర్వం ఆడిస్తే వాన పడుతుందని ఇక్కడ పాత నమ్మకం. చినుకు లేని ఏడు ఊరంతా చందాలు వేసుకుని బృందాన్ని పిలిపించేవారు. కళను ఇంత గట్టిగా నమ్మి, ఇంత పెద్ద పని అప్పగించిన ప్రేక్షకులు న్యూయార్క్‌లో దొరకరు.

జపాన్ రాముడు తెలుగు మాట్లాడాడు

1992లో తయారైన ‘రామాయణ: ద లెజెండ్ ఆఫ్ ప్రిన్స్ రామ’ జపాన్, భారతదేశం కలిసి తీసిన కార్టూన్ చిత్రం. జపాన్ వైపు నుంచి యుగో సాకో, కొయిచి ససాకి, మన వైపు నుంచి రామ్ మోహన్ దర్శకులు. సాకో 1983లో అలహాబాద్ దగ్గర జరిగిన తవ్వకాల మీద డాక్యుమెంటరీ తీయడానికి వచ్చి రామాయణానికి చిక్కిపోయాడు. పవిత్ర గ్రంథాన్ని విదేశీయులు కార్టూన్‌గా తీయడమేమిటని మన దేశంలో అభ్యంతరాలు లేచాయి. సాకో జవాబు ఏమిటంటే, రాముడు దేవుడు కనుక నటుడి కన్నా గీసిన బొమ్మే ఆయనకు తగినది అని. నిమ్మలకుంట పెద్దలెవరైనా ఆ మాట విని ఉంటే లేచి చప్పట్లు కొట్టేవారు. ముప్పై ఏళ్ళు దాటాక, 2025 జనవరి 24న ఆ చిత్రం మన థియేటర్లలోకి వచ్చింది. హిందీ, తమిళంతో పాటు తెలుగులోనూ.

అప్పుకు బదులు అన్నట్టు, 2024 జనవరిలో జపాన్‌లోని తకరజుక నాటక సంస్థ మన ‘ఆర్‌ఆర్‌ఆర్’ను రంగస్థలం మీద ఆడింది. ఆ సంస్థలో నటించేవాళ్ళందరూ ఆడవాళ్ళే. భీముడూ రాముడూ కూడా.

బుడుగు, రాముడు, ఒకే కలం

తెలుగులో మురకామికి సాటి ఎవరని అడిగితే బాపు పేరు చెప్పాలి (1933–2014). ముళ్ళపూడి వెంకటరమణ బుడుగుకు ముఖం ఇచ్చిన గీతే రాముడి ధనుస్సునూ వంచింది. కార్టూనిస్టు వేరు, చిత్రకారుడు వేరు అని బాపు విషయంలో ఎవరూ విడదీయలేకపోయారు. ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చేసరికి 2013 అయింది. అప్పటికి ఆయనకు డెబ్బై తొమ్మిదేళ్ళు.

చీర, సంచి, దీపపు గొడుగు

మ్యూజియం బొమ్మ చేతిసంచి మీదికెక్కితే పడమటి దేశాలు వింతగా చెప్పుకున్నాయి. లేపాక్షి లతామండపం స్తంభాల మీది అల్లికలూ, కప్పు మీది చీరల అంచులూ ధర్మవరం పట్టు మీదికి ఎప్పుడో దిగాయి. చేతిపనులు అమ్మే ప్రభుత్వ దుకాణాల పేరే లేపాక్షి. గుడిలోంచి బీరువాలోకి రావడానికి ఇక్కడ ఎవరి సిద్ధాంతమూ అవసరం కాలేదు.

ధరల్లో మాత్రం మనకు సిద్ధాంతం లోటు కనబడుతుంది. మురకామి తరంవాడే అయిన యొషితొమొ నారా వేసిన ఒక కోపిష్టి పిల్ల బొమ్మ 2019 అక్టోబరులో హాంకాంగ్‌లో దాదాపు రెండున్నర కోట్ల డాలర్లు పలికింది. చేతులు వెనక్కి పెట్టుకుని ఉరిమి చూసే కార్టూన్ పిల్ల. వెనక చేతిలో కత్తి ఉందని బొమ్మ పేరు చెబుతుంది, కత్తి మనకు కనబడదు. నిమ్మలకుంటలో ఇంతకన్నా ఉరిమి చూసే శూర్పణఖలు ఉన్నారు. వాళ్ళ ధర అడిగితే బేరం కూడా ఆడతాం.

ఆట తగ్గాక ఊరు దీపపు గొడుగులకు మళ్ళింది. అదే తోలు, అవే ఉలులు, అదే వెలుగు. తెర బదులు హోటల్ గది మూల. గోడకు వేలాడదీసే పటాలు, తలుపు తెరలు కూడా చేస్తున్నారు. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది కనుక ఆ పేరు పెట్టుకుని ఇంకెవరూ అమ్ముకోకూడదు. కొనేవాళ్ళు ఎక్కువగా అడిగేది చెట్టు కొమ్మలు, నెమళ్ళు, వినాయకుడు, కృష్ణుడు. కేతిగాడి గొడుగు కావాలని వచ్చేవాళ్ళు అరుదు. మురకామి చేతికి ఈ దుకాణం ఇచ్చి ఉంటే వినాయకుణ్ణి వెనక అరలో పెట్టి, కేతిగాడిని వరండాలో నిలబెట్టి, బంగారక్కను చేతిసంచి మీదికి ఎక్కించేవాడు.